సొంతింట్లో అద్దె మంట

అద్దె అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. ఇది నిన్నా మొన్నా పట్టుకున్న జబ్బు కాదు. కెనడా వచ్చిన కొత్తలో బ్రాంప్టన్‌లో ఓ పంజాబీ పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఒకటో తారీఖున అద్దె పంపేటప్పుడు నా ముఖం చూసి, ఇండియా నుంచి ఏదైనా కబురొచ్చిందేమోనని మా ఆవిడ కంగారు పడేది. "అద్దె కడితే చివరికి ఏం మిగులుతుందండీ? రసీదు! అదే వాయిదాలు కడితే ఇల్లు మిగులుతుంది" అని ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఉపన్యాసం ఎత్తుకునేవాణ్ణి. పప్పు దగ్గర మొదలైతే పెరుగన్నం దాకా నడిచేది. అది విని ఇద్దరు ముగ్గురు నిజంగానే ఇళ్లు కొనేశారు. 2022 మొదట్లో పావు శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీరేటు 2023 జులైకల్లా 5 శాతానికి ఎక్కేసరికి వాళ్లు నా ఫోన్లు ఎత్తడం మానేశారు. అది వేరే కథ. అందులో నా తప్పు తక్కువ.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తప్పంతా నాదే. మీరు నా మనిషని చెబుతున్నాను, మా తోడల్లుడి చెవిన మాత్రం వెయ్యకండి. ఆయనకి సగం తెలుసు. మిగతా సగం కూడా తెలిసిందంటే ఆ ఇంట్లో నాకు ముద్ద దిగదు.

2019 ఎండాకాలంలో ఇల్లు కొన్నాం. బ్రాంప్టన్‌లోనే, 1990ల్లో కట్టిన ఇల్లు, మూడు బెడ్‌రూములు. ఒంటారియోలో ఇల్లు కొనే ఒప్పందంలో అద్దె సామాను అని ఒక గడి ఉంటుంది. ఇంట్లో ఏయే వస్తువులు అమ్మేవాడివి కావో, ఏ కంపెనీ దగ్గర అద్దెకి తెచ్చినవో అందులో రాస్తారు. కొనుక్కున్నవాడు ఇంటితోపాటు ఆ అద్దెల్నీ నెత్తిన పెట్టుకోవాలి. మా కాగితంలో ఆ గడిలో వాటర్ హీటర్ అని ఉంది. తెలుగు లాయరుగారు కళ్లజోడు మీంచి చూస్తూ, "వేణ్ణీళ్ల ట్యాంకు అద్దెది. తెలుసుగా?" అన్నారు.

"తెలుసండీ" అన్నాను.

తెలియదు. ఎవరైనా "తెలుసుగా" అని అడిగితే చాలు, నా నోరు నన్నడక్కుండా "తెలుసు" అనేస్తుంది. మీకూ ఉంటుందిలెండి ఈ జబ్బు, నా దగ్గర సిగ్గుపడకండి. పెళ్లిచూపుల్లో సంగీతం తెలుసా అంటే తల ఊపింది ఎవరు, మనం కాదూ? బయటికొచ్చాక పార్కింగ్‌లో మా ఆవిడ అడిగింది, "వేణ్ణీళ్లకి అద్దేంటండీ?" అని. "ఇక్కడ అంతే" అన్నాను. నిజానికి ఇక్కడ అంతే. ఈ ప్రావిన్సులో వాటర్ హీటర్ అద్దెకుండటం ఎంత మామూలంటే, కొత్త సబ్‌డివిజన్లలో కట్టే ఇళ్లకి కూడా ట్యాంకు అద్దెకే వచ్చి కూర్చుంటుంది. ఇల్లు నాది, గోడలు నావి, తాళం నాది. స్నానం చేసే వేణ్ణీళ్లు మాత్రం ఇంకెవరివో. సరే, ఒక్క ట్యాంకేగా అని సర్దుకున్నాను. ఆ ఒక్కదానితో ఆగి ఉంటే మీకీ సోది తప్పేది.

మాది పల్నాడులో రెంటచింతల. మే నెల వచ్చిందంటే వార్తల్లో మా ఊరి పేరు చదవాల్సిందే. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ మా ఊళ్లో కాసిందని చెప్పినప్పుడల్లా, ఆ ఎండని మేమే తయారుచేసినంత గర్వపడేవాళ్లం. అలాంటి ఊళ్లో పుట్టినవాడికి వేడి గురించి ఇంకొకడు చెప్పేదేముంటుంది? ఇదీ నా ధీమా. ఆలోచిస్తే మాకు తెలిసిందల్లా వేడి నుంచి పారిపోవడమే. వట్టివేళ్ల తడికలు తడపడం, కుండలో నీళ్లు తాగడం, మధ్యాహ్నం తలుపులేసుకుని పడుకోవడం. వేడిని పుట్టించే విద్యలో మాకొచ్చింది బకెట్లో ఇమ్మర్షన్ రాడ్డు పెట్టడం ఒక్కటే. అది కూడా స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టి చూసే రకం.

కొత్తింట్లో ఫర్నేస్ ఉంది. ఇంటితోపాటే పుట్టిన ముసలిది. బేస్‌మెంట్ మూలన ఉండి, థర్మోస్టాట్ పిలిచినప్పుడల్లా ఒకసారి గొంతు సవరించుకుని, గ్యాసు వెలిగించుకుని, ఇల్లంతా వెచ్చటి గాలి పంపేది. దానికి ఏ లోపమూ లేదు. లోపమల్లా మా తోడల్లుడు కొత్తది కొనడమే.

ఆయన మిస్సిసాగాలో ఉంటారు. మా గృహప్రవేశానికి వచ్చి, వ్రతం పీటల మీద మేముండగానే బేస్‌మెంట్‌లోకి దిగి ఇల్లంతా తనిఖీ చేశారు. భోజనాల దగ్గర అందరూ వినేలా, "తమ్ముడూ, మీది ఎనభై శాతం ఫర్నేసా? ఇంకా వాడుతున్నారా?" అన్నారు. ఎనభై బాధించలేదు. ఆ 'ఇంకా' ఉంది చూశారూ, అది గారె ముక్కతోపాటు గొంతులో అడ్డం పడింది. ఎనభై శాతం అంటే నూరు డాలర్ల గ్యాసు కాలిస్తే ఎనభై డాలర్ల వేడి ఇంట్లోకి వస్తుంది, ఇరవై డాలర్లు పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోతాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే చాలు, ఇరవై డాలర్ల నోట్లు రెక్కలు కట్టుకుని మా చిమ్నీలోంచి ఎగిరిపోతున్నాయి. లేచి, ఫోన్ తీసి, 'ఉచిత ఫర్నేస్ తనిఖీ' అని ఎవరో పెట్టిన ప్రకటన కింద నా పేరూ నంబరూ నింపేశాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఒంటారియోలో ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టి ఫర్నేసులూ, ఏసీలూ, వాటర్ హీటర్లూ అంటగట్టే సేల్స్‌మెన్ ఉండేవాళ్లు. ముసలివాళ్లని భయపెట్టి సంతకాలు పెట్టించుకుంటున్నారని గొడవ ముదిరి, 2018 మార్చి 1 నుంచి ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. పిలవని పేరంటానికి వచ్చి ఇంట్లో కూర్చుని ఒప్పందం రాయించుకుంటే చెల్లదు. ఇంటాయన తనంతట తానే పిలిస్తే మాత్రం చెల్లుతుంది. అంటే నన్ను నా తెలివితేటల నుంచి కాపాడటానికి ఒక ప్రభుత్వం కూర్చుని చట్టం చేసి, తలుపు మూసి, గడియ పెట్టి వెళ్లింది. నేను అర్ధరాత్రి లేచి ఆ గడియ తీశాను.

వచ్చిన కుర్రాడు మంచివాడే. బూట్లు విప్పి లోపలికొచ్చాడు, మా ఆవిడిచ్చిన టీ తాగి బాగుందన్నాడు. ముసలి ఫర్నేస్ ముందు నిలబడి, ఐసీయూ బయట డాక్టరు ఊపినట్టు తల ఊపాడు. "సార్, ఇప్పుడంతా తొంభై ఆరు" అన్నాడు. ఇంకేం కావాలి? తెలుగు ఇంట్లో పుట్టి, ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి. తొంభై ఆరు మార్కులవాడు గుమ్మంలో నిలబడితే ఎనభై వాణ్ణి ఇంట్లో ఉంచుకుంటానా? తర్వాతెప్పుడో తెలిసింది. 2019 జులై నుంచి కెనడాలో ఇళ్లకి కొత్తగా తయారుచేసే గ్యాస్ ఫర్నేస్‌కి 95 శాతం ఉండాల్సిందేనని కేంద్రం నిబంధన పెట్టింది. అంటే 95 అనేది పాస్ మార్కు. నేను ఒక్క మార్కుతో గట్టెక్కినవాడికి పూలదండ వేసి ఇంట్లోకి తెచ్చుకున్నాను.

"ఎన్ని బీటీయూలది పెట్టమంటారు?" అన్నాడు కుర్రాడు.

బీటీయూ అంటే ఒక పౌను నీళ్లని ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించేందుకు పట్టే వేడి. ఫర్నేస్ గంటకి ఎన్ని బీటీయూలు కాలుస్తుందో దాన్నిబట్టి సైజు చెబుతారు. నలభై వేలు, అరవై వేలు, ఎనభై వేలు, అలా. ఏ ఇంటికి ఏ సైజు అన్నదానికి పద్ధతిగా లెక్క ఉంది. గోడలెంత మందం, కిటికీలెన్ని, అటక మీద ఇన్సులేషన్ ఎంత, ఆ ఊళ్లో చలి ఎంతకి దిగుతుంది, ఇవన్నీ చూసి ఇల్లు గంటకెంత వేడి పోగొట్టుకుంటుందో కట్టాలి. ఆ కుర్రాడు ఆ లెక్క కట్టలేదు. నేను కట్టమనలేదు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఎనభై వేల కన్నా పెద్దది ఉందా?" ఎందుకంటే మా తోడల్లుడిది ఎనభై వేలు.

"లక్ష ఉంది సార్."

లక్ష! ఆ మాటకి మన చెవుల్లో ఉండే గౌరవం ఇంగ్లీషువాడికేం తెలుస్తుంది? లక్షాధికారి, లక్షపత్రి పూజ, లక్ష కట్నం. మా ఇంటి కింద లక్ష కూర్చుంటుందంటే కాదనే మగాడెవడు? గంటకి లక్ష బీటీయూలంటే దాదాపు ఇరవై ఇమ్మర్షన్ రాడ్లు ఒక్కసారి వేసినంత. మూడు బెడ్‌రూముల ఇంటికి ఇరవై రాడ్లు ఎందుకని నాకు తట్టలేదు. లక్ష అన్నాక ఇంకేమీ తట్టలేదు.

తర్వాత డబ్బు సంగతి. కొంటే బిగింపుతో కలిపి ఓ ఐదు వేల డాలర్లు అన్నాడు. ఇల్లు కొన్న ఊపులో మా ఖాతాలో ఐదు వేలు కాదు కదా, ఐదు వందలు చూపించడం కూడా కష్టంగా ఉంది. నా ముఖం చదివేశాడు. "అసలు కొనడం దేనికి సార్? ఒక్క పైసా ముందు కట్టక్కర్లేదు. నెలకి తొంభై తొమ్మిది డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు. రిపేరొస్తే మాదే పూచీ. హాయిగా నిద్రపోండి" అన్నాడు. అద్దె అనే మాట అతని నోట రానేలేదు. ప్రోగ్రాం అన్నాడు, ప్లాన్ అన్నాడు, ప్రొటెక్షన్ అన్నాడు. నాకూ ఆ మాట తలుచుకోవాలనిపించలేదు. ఇరవై ఏళ్లు అద్దె మీద ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను, సొంతింటి బేస్‌మెంట్‌లో నిలబడి, పక్కన టీ కప్పు పెట్టుకుని, టాబ్లెట్ మీద వేలితో గీసి ఫర్నేస్‌ని అద్దెకి తీసుకున్నాను. సంతకం కూడా వంకరగా వచ్చింది. కాగితం చదివారా అని అడక్కండి. వేలితో జరుపుతూ పోయాను. మధ్యలో రెండు చోట్ల ఆగి, అర్థమైనట్టు "ఊఁ" అన్నాను.

చట్టం ఇంకో అవకాశం కూడా ఇచ్చింది. ఇలా ఇంట్లో కూర్చుని చేసుకున్న ఒప్పందాన్ని, కాగితం చేతికందిన పదిరోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ పదిరోజులూ నేనేం చేశానంటే, వచ్చినవాళ్లందర్నీ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి ఫర్నేస్ చూపించాను.

ఆ దర్శనానికి ఒక క్రమం ఉండేది. ముందు రంగు, తర్వాత లక్ష, ఆ తర్వాత ప్లాస్టిక్ గొట్టం. "పొగగొట్టం ప్లాస్టిక్! చెయ్యి పెట్టి చూడండి, కాలదు" అనేవాణ్ణి. పాతవాటిలో పొగ వేడిగా బయటికి పోతే, వీటిలో ఆ పొగలోని ఆవిరి నీరయ్యేదాకా వేడి లాగేస్తారు. అందుకే పొగ చల్లబడుతుంది, ప్లాస్టిక్ గొట్టం సరిపోతుంది, పక్కన చిన్న పైపులోంచి నీళ్లు కారతాయి. ఇంత చదువు నాకు ఫర్నేస్ వచ్చిన వారంలోనే అబ్బింది. వచ్చే ముందు అబ్బి ఉంటే బాగుండేది. మా అత్తయ్యగారు సూపర్ వీసా మీద వచ్చినప్పుడు ఆవిడ్ని కూడా మెట్లు దింపి చూపించాను. ఆవిడ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, "అగ్నిహోత్రుడు బాబూ, శుభ్రంగా చూసుకో" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఫర్నేస్ గురించి సరైన మాట అన్నది ఆవిడొక్కరే.

ఆ లక్ష మా ఇంటిని ఎలా కాచిందో చెప్పాలి. థర్మోస్టాట్ పిలవగానే భూకంపంలా లేచేది. హాల్లో కర్టెన్లు ఎగిరేవి, దేవుడి దగ్గర దీపం ఆరేది. థర్మోస్టాట్ ఉన్న గోడ ఐదారు నిమిషాల్లో వేడెక్కి, చాలనగానే ఠక్కున ఆగేది. మళ్లీ కాసేపటికి లేచేది, మళ్లీ ఆగేది. ఈలోపు పైన మూల గదిలో మా అబ్బాయి టోపీ పెట్టుకుని హోంవర్కు చేసుకునేవాడు, హాల్లో మా ఆవిడ విసనకర్ర వెతుక్కునేది. ఫర్నేస్ ఇంటికన్నా పెద్దదైతే జరిగేది ఇదే. వేడి నాలుగు మూలలకీ చేరేలోపే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మాటిమాటికీ వెలిగి ఆరడంతో తొందరగా అరుగుతుంది కూడా. నాకవేమీ తెలియవు. "చూశావా బలం!" అనేవాణ్ణి. బేస్‌మెంట్‌లో దాని పక్కన పెట్టిన ఇడ్లీపిండి పొంగినంత బాగా ఇంకెక్కడా పొంగేది కాదని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. నెలకి వంద డాలర్లిచ్చి ఇడ్లీపిండి పులియబెట్టుకున్న వంశం మాదొక్కటే అనుకుంటాను.

ఇక 2024 భోగి. ఆ ఏడు ఆదివారం పడింది. మంచి చలి. ముందు పెరట్లో భోగిమంట అనుకున్నాం, ఇక్కడ దానికీ సవాలక్ష నిబంధనలు. ఫైర్ ఇంజన్‌తో భోగి ఎందుకులే అని మానుకుని, పిల్లలకి భోగిపళ్లు పోద్దామని నలుగుర్నీ పిలిచాం. నలుగురంటే ముప్పైమంది. తోడల్లుడుగారి కుటుంబం ముందే వచ్చేసింది. పొద్దున్నుంచీ వంటింట్లో గారెలూ, బూరెలూ, పులిహోర పోపూ సాగుతూనే ఉన్నాయి. వచ్చినవాళ్లని వచ్చినట్టు నేను బేస్‌మెంట్‌కి దించుతున్నాను. లక్ష అంటున్నాను, ప్లాస్టిక్ గొట్టం ముట్టిస్తున్నాను, తోడల్లుడుగారి వైపు ఓరగా చూస్తున్నాను. పిల్లల్ని పీటల మీద కూర్చోబెట్టారు, రేగిపళ్లు లేక క్రాన్‌బెర్రీలు కలిపారు, మొదటి దోసిలి తల మీద పడింది, ఎవరో హారతి పాట అందుకున్నారు, ఆ పాటలోనే కర్టెన్లు ఎగరడం ఆగింది. ఎవరూ గమనించలేదు, నేను తప్ప. పావుగంటకి ఒకావిడ శాలువా అడిగింది. అరగంటకి మగవాళ్లు వెళ్లి జాకెట్లు తెచ్చుకున్నారు. నేను కిందికి పరిగెత్తాను, స్విచ్ ఆపి వేశాను, అది లేచింది, ఆగింది, ఎర్రదీపం కన్నుకొట్టింది, మళ్లీ వేశాను, మళ్లీ కన్నుకొట్టింది, చేత్తో చరిచాను, బతిమాలాను, పైన్నుంచి అత్తయ్యగారి గొంతు ఖంగుమని వినిపించింది, "అల్లుడుగారూ, ఆ లక్షది ఏమైంది?"

కంపెనీకి ఫోన్ చేశాను. పూచీ వాళ్లదేగా. ఆదివారం, పైగా చలి, ఊరంతా వాళ్లకే చేస్తోంది. వాళ్ల మనిషి వచ్చేసరికి ముప్పైమందీ కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, అరచేతుల్లో టీ కప్పులు పట్టుకుని, బస్టాండులో ఉన్నట్టు మా హాల్లో నిలబడి ఉన్నారు. వచ్చింది ఓ సర్దార్జీ కుర్రాడు. కిందికి దిగాడు. వెనక నేను, నా వెనక తోడల్లుడుగారు, ఆయన వెనక ఆసక్తి ఉన్న మిగతా జనం. ఫర్నేస్ పక్కనున్న తలుపు తీసి, లోపల్నుంచి ఓ దిండంత వస్తువు లాగాడు. నల్లటి దిండు. బొచ్చు మొలిచిన దిండు. దాన్ని ఒకసారి వాసన చూసి, నా వైపు తిరిగి, "భాయీసాబ్, ఇందులో ఇంగువ వాసనొస్తోంది" అన్నాడు హిందీలో.

అది ఫిల్టర్. గాలిలోని దుమ్మంతా అది పట్టుకుంటుంది. కొన్ని నెలలకోసారి మార్చాలి. మారిస్తే గాలి ఆడుతుంది. మార్చకపోతే లోపలి వేడి బయటికి రాలేక ఫర్నేస్ ఉడికిపోతుంది, ఇల్లు అంటుకోకుండా ఒక స్విచ్ గ్యాసు ఆపేస్తుంది. పెట్టిన మరుసటేడు ఎవరో వచ్చి మార్చి వెళ్లారు. ఆ తర్వాత మళ్లీ వాళ్లే వస్తారని నేను, ఇంటాయన మారుస్తాడని వాళ్లు. కాంట్రాక్టులో ఫిల్టర్ బాధ్యత ఇంటాయనదేనని స్పష్టంగా ఉందట. నేను "ఊఁ" అన్న రెండు చోట్లలో అదొకటి అయ్యుంటుంది. అంచేత ఆ రోజు వచ్చినందుకు విడిగా డబ్బు కట్టాలన్నాడు.

కడతానన్నాను. ఎంతైనా కడతాను, నువ్విక పైకి నడు అన్నట్టు చూశాను. అతను నడవలేదు. ఫర్నేస్ మీద చీటీ చదివి, ఇంటిని పైకీ కిందికీ చూసి, "ఈ ఇంటికి లక్ష ఎవరు పెట్టారు? అరవై వేలు కూడా ఎక్కువే" అన్నాడు. హిందీ రాదని ఎప్పుడూ చెప్పుకునే మా తోడల్లుడుగారికి ఆ ఒక్క వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. ఏమీ అనలేదాయన. ఏమైనా అని ఉంటే తిరిగి ఏదో అనేవాణ్ణి. నా భుజం మీద చెయ్యి వేసి, రెండుసార్లు తట్టి, మెట్లెక్కి వెళ్లిపోయారు. భోజనాల దగ్గర మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "రెంటచింతలవారు కదండీ. రెంటూ చింతా ఊరి పేరులోంచే వచ్చాయి" అంది. ఇల్లంతా ఘొల్లుమంది. అప్పటికి వేడి కూడా తిరిగొచ్చింది.

ఆ రాత్రి, ఇల్లు సద్దుమణిగాక, మొట్టమొదటిసారి కాంట్రాక్టు చదివాను. పదేళ్లు. నెలకి 99.99, దాని మీద 13 శాతం పన్ను. ఏటా మూడున్నర శాతం పెంపు. కాలిక్యులేటర్ తీశాను. పదేళ్లకి మొత్తం దాదాపు 15,900 డాలర్లు. ఐదు వేల వస్తువుకి. తప్పు నొక్కానేమోనని మళ్లీ చేశాను, అంతే వచ్చింది. మంచి ఫర్నేస్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుందంటారు. అంటే దాని ఆయుష్షులో బలంగా ఉన్న సగం నేను అద్దె కట్టి, రోగాలొచ్చే సగం ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచించుకోవాలి.

మీరు అడుగుతారు, మరి అద్దెకి తీసుకోవడం ఎప్పుడూ తప్పేనా అని. తప్పని నేననను. చేతిలో డబ్బు లేనప్పుడు, జనవరిలో అర్ధరాత్రి ఫర్నేస్ చచ్చిపోతే, ఇంట్లో పసిపిల్ల ఉంటే ఎవరైనా ఏదైనా సంతకం పెడతారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఫోన్ చేస్తే మనిషొస్తాడన్న ధైర్యానికి కొంత విలువుంది. వాటర్ హీటర్ అద్దె చిన్నది, నచ్చకపోతే ఆ ట్యాంకు వెనక్కిచ్చి మరొకటి కొనుక్కోవడం కూడా అంత కష్టం కాదు. ఫర్నేస్‌కి పదేళ్ల కాంట్రాక్టు వేరు. బ్యాంకులో తక్కువ వడ్డీకి ఐదు వేలు అప్పు తెచ్చి కొనుక్కున్నా నాకు సగానికి పైగా మిగిలేది. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లాడు కడతాడు. నాకు లెక్క రాక కాదు, మాస్టర్స్ డిగ్రీ ఉంది. లెక్కకి కూర్చోనివ్వని ఇంకేదో ఉంది. దానికి మా తోడల్లుడి ముఖం ఉంటుంది.

ఇంక ఉంచుకోకూడదని కంపెనీకి ఫోన్ చేస్తే, ముందే వదిలించుకోవాలంటే బైఅవుట్ కట్టాలన్నారు. ఆ గొడవలో లాయరుగారి దగ్గరికి వెళ్తే ఆయన కంప్యూటర్లో ఇంటి రికార్డు తీసి, కళ్లజోడు మీంచి చూసి, "మీ ఇంటి టైటిల్ మీద నోసీ ఉంది. తెలుసుగా?" అన్నారు.

"తెలియదండీ" అన్నాను. జీవితంలో మొదటిసారి.

నోటీస్ ఆఫ్ సెక్యూరిటీ ఇంటరెస్ట్. దాన్ని ఇక్కడ అందరూ నోసీ అంటారు. ఈ ఇంట్లో మా వస్తువుంది, మాకు రావాల్సిన బాకీ ఉంది అని కంపెనీ భూమి రికార్డుల్లో నమోదు చేసిన కాగితం. ఇల్లు అమ్మాలన్నా, తాకట్టు మార్చాలన్నా అది అడ్డం పడేది. అప్పుడు వాళ్లు చెప్పిన రేటుకి వదిలించుకోవాల్సి వచ్చేది. కొంతమంది ఇళ్ల మీద ఇలాంటివి పదీ పదిహేనూ పేరుకుని, ముసలివాళ్లు ఇల్లు పోగొట్టుకునే దాకా వెళ్లిన సంగతులు అప్పట్లో ఇక్కడి పత్రికల్లో తరచూ వచ్చేవి. నేను చదవలేదు. నేను ఫర్నేస్ చూపించే పనిలో ఉన్నాను.

బేరమాడి బేరమాడి, 2024 ఏప్రిల్లో 5,400 కట్టి విడిపించుకున్నాను. అప్పటికే అద్దె రూపంలో ఆరు వేల పైచిలుకు పోయింది. మొత్తం మీద ఐదు వేల ఫర్నేస్‌ని, నాలుగేళ్లు వాడి అరగదీసిన తర్వాత, పదకొండు వేల ఏడు వందలకి కొన్న ఘనత నాది. కాగితం మీద అది నాదైన సాయంత్రం కిందికి వెళ్లి చూసుకున్నాను. దాని కళ తగ్గింది. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 6న, వినియోగ వస్తువుల మీద ఇలా నోసీలు నమోదు చెయ్యడాన్ని ఒంటారియో ప్రభుత్వం నిషేధించేసింది. పాతవీ చెల్లవంది. నోటీసు పోయినా కాంట్రాక్టు పోదులెండి, అద్దె బాకీ ఎలాగూ ఉంటుంది. కానీ మెడ మీద కత్తి లేకుండా బేరమాడేవాణ్ణి కదా. మా కోసం ఒంటారియోలో రెండోసారి చట్టం చేశారు. మొదటిసారి గడియ తీసి చెడగొట్టాను, రెండోసారి తొందరపడి చెడగొట్టాను.

ఇదంతా అయ్యాక నేను మారిపోయానని చెబితే బాగుంటుంది కదూ? కిందటేడు మా తోడల్లుడుగారు హీట్ పంప్ పెట్టించారు. కరెంటుతో నడుస్తుంది. గాలిలోంచి వేడి లాగి ఇంట్లో పెడుతుంది. బయట మంచు పడుతున్నా ఆ గాలిలో ఎంతో కొంత వేడి ఉంటుందట, దాన్ని పోగుచేస్తుంది. ఒక వంతు కరెంటుకి రెండు మూడు వంతుల వేడి ఇస్తుంది. మరీ చలి ముదిరితే ఆ లాభం తగ్గుతుంది కనక, చాలామంది గ్యాస్ ఫర్నేస్‌ని కూడా పక్కన ఉంచుకుంటారు. ఆయన ఫోన్‌లో ఇదంతా వివరిస్తుంటే నేను "తెలుసండీ, తెలుసు" అంటూనే ఉన్నాను. చివర్లో మెల్లగా, "ఎన్ని టన్నులదేమిటి?" అన్నాను. హీట్ పంప్ సైజు టన్నుల్లో చెబుతారు. టన్నంటే గంటకి పన్నెండు వేల బీటీయూలు. "రెండున్నర టన్నులు" అన్నారాయన.

ఈసారి మా ఆవిడ ముందు జాగ్రత్త పడింది. అమ్మేవాణ్ణి కాకుండా, ఉత్తి లెక్క కట్టి డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయే మనిషిని పిలిపించింది. ఓ కుర్రాడు టేపు పట్టుకుని వచ్చి కిటికీలన్నీ కొలిచాడు, అటకెక్కాడు, గోడలు తట్టాడు, సగంరోజు ఇల్లంతా తిరిగాడు. చివరికి ల్యాప్‌టాప్ మూసి, "మీకు రెండు టన్నులు చాలండీ. కొనుక్కోండి, అద్దెకి మాత్రం వద్దు" అన్నాడు.

"మా తోడల్లుడుగారిది రెండున్నర" అన్నాను.

"వాళ్లది మీకన్నా పెద్దిల్లా?"

నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ, "చిన్నదే బాబూ. నువ్వు రెండే రాయి" అంది.

చిన్నదే. అవును, చిన్నదే! మా ఇంటికన్నా చిన్న ఇంటికి ఆయన రెండున్నర పెట్టించుకున్నారు. నిండా లెక్క కట్టించకుండానే పెట్టించుకుని ఉంటారు. ఈ సంగతి నేను చెప్పినట్టు కాకుండా ఆయనకి ఎలా చేరవెయ్యాలా అని అప్పట్నుంచీ చూస్తున్నాను. ఈసారి భోగి వాళ్లింట్లోనే.